గాలివానకు కరెంటు ఎందుకు పోతుంది, పోతే ఏం చేయాలి: బెజవాడ, గుంటూరు కాలనీలకు సమగ్ర మార్గదర్శి

బెజవాడలోగానీ గుంటూరులోగానీ నాలుగు చినుకులు పడి చెట్లు ఊగడం మొదలైతే చాలు, "కరెంటు తీసేశారు" అంటారు అందరూ. అందులో కొంత నిజం ఉంది. గాలివానలో కరెంటు రెండు రకాలుగా పోతుంది. ఎక్కడో ఏదో తెగో, విరిగో, కాలో పోవడం ఒకటి. మనుషుల ప్రాణాలు పోకుండా సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ (లోపం రాగానే లైనును ఆపేసే పెద్ద స్విచ్) తనంతట తాను పడిపోవడం, లేదా సిబ్బంది కావాలనే లైను ఆపడం రెండోది. మన ఇంట్లో చీకటికి వీటిలో ఏది కారణమో, దారిలో ఎక్కడ ఆగిందో కనిపెట్టగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది. ఫిర్యాదు సరైన చోటికి వెళుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ముట్టుకోకూడనిది ముట్టుకోకుండా ఉంటాం. ఈ మార్గదర్శి అందుకోసమే.

1వ అడుగు: మీ ఇంటికి కరెంటు వచ్చే దారి తెలుసుకోండి

ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలోనో, శ్రీశైలంలోనో, ఇంకెక్కడో తయారైన కరెంటు 400, 220, 132 కేవీ (ఒక కేవీ అంటే వెయ్యి ఓల్టులు) టవర్ లైన్ల మీద ఊరి దాకా వస్తుంది. అక్కడ 33 కేవీకి తగ్గి, పేటల మధ్య ఉండే చిన్న సబ్‌స్టేషన్లకు చేరుతుంది. ఆ సబ్‌స్టేషన్లలో 11 కేవీకి తగ్గి, ఫీడర్లుగా (ఒక్కో పేటకు వెళ్లే లైన్లుగా) చీలి వీధుల వెంట సాగుతుంది. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 415 ఓల్టులకు దించి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్‌గా స్తంభాల మీదకు పంపిస్తుంది. వాటిలో ఒక ఫేజూ న్యూట్రలూ కలిసి సర్వీసు వైరుగా మీ మీటరులోకి వస్తే 230 ఓల్టులు. డెల్టా రైతులకు ఈ లెక్క కొత్త కాదు. ప్రధాన కాలువ, దాని పిల్ల కాలువ, చివర పంట బోదె. పైన లాకు దించితే కింద చేలన్నీ ఎండుతాయి, మీ బోదెకే గండి పడితే మీ చేను ఒక్కటే ఎండుతుంది.

వాన లేని రోజున ఒక కాగితం మీద నాలుగు వివరాలు రాసి మీటరు పెట్టె పక్కన అంటించండి. బిల్లు మీద ఉండే సర్వీసు నంబరు, మీ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీదో స్తంభం మీదో పెయింటుతో రాసి ఉండే నంబరు, మీ 11 కేవీ ఫీడరు పేరు, మీ సెక్షన్ ఆఫీసు (మీ పేట కరెంటు ఆఫీసు) ఫోను నంబరు. ఫీడరు పేరు బిల్లులో దొరక్కపోవచ్చు. మీ లైన్‌మ్యాన్ కనిపించినప్పుడు "అన్నా, మాది ఏ సబ్‌స్టేషను, ఏ ఫీడరు?" అని అడిగితే చెప్పేస్తారు. మన రెండు నగరాలకూ సరఫరా చేసే సంస్థ ఏపీసీపీడీసీఎల్. ఫిర్యాదుల నంబరు 1912. ఇది కూడా ఆ కాగితం మీదే రాయండి, ఫోనులో మాత్రమే ఉంచొద్దు. చార్జింగు అయిపోయినప్పుడే దాని అవసరం పడుతుంది.

2వ అడుగు: ఏ వాతావరణం ఏ భాగాన్ని దెబ్బతీస్తుందో గుర్తుపట్టండి

ఎండలతో మొదలుపెడతాను, ఎందుకంటే మన దగ్గర కరెంటు కష్టాలు వానతో కాదు, ఎండతోనే మొదలవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదైనా గోడలు వేడి దిగవు. ప్రతి ఇంట్లో ఏసీ ఆడుతూనే ఉంటుంది. మామూలుగా ట్రాన్స్‌ఫార్మర్ పగలు వేడెక్కి రాత్రి చల్లబడాలి. ఆ తెరిపి లేకపోతే లోపలి నూనె, చుట్ల మీది ఇన్సులేషన్ త్వరగా పాడవుతాయి. మరోవైపు అల్యూమినియం తీగ వేడికి సాగి కిందికి వేలాడుతుంది. మధ్యాహ్నం దాకా చెట్టుకొమ్మకు అందనంత ఎత్తులో ఉన్న తీగ సాయంత్రానికి దాన్ని తాకే దూరంలోకి వస్తుంది. సరిగ్గా ఆ వేళకే ఈదురుగాలి లేస్తుంది. వదులైన తీగలు ఒకదానికొకటి కొట్టుకుని నిప్పులు రాలతాయి, ఫ్యూజు ఎగిరిపోతుంది. పది నిమిషాల గాలిదుమారానికి మూడు గంటలు కరెంటు పోయిందని మనం విసుక్కుంటాం. ఆ పది నిమిషాలకు ముందు నెల రోజుల ఎండ ఉంది.

గాలి సంగతిలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే చెట్టు మీద, స్తంభం మీద, తీగ మీద పడే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న నిద్రగన్నేరు చెట్టు 100 కిలోమీటర్ల గాలికి వేళ్లతో సహా లేచిపోవడం అందుకే. దానికి తోడు రెండు రోజులుగా వాన పడి నేల మెత్తబడి ఉంటే అంత గాలి కూడా అక్కర్లేదు. తురాయి, నిద్రగన్నేరు లాంటి చెట్లు నీడ బాగా ఇస్తాయి కానీ కొమ్మలు తేలిగ్గా విరుగుతాయి. వేప, కానుగ కొంత నయం. చెట్లను తిట్టడం నా ఉద్దేశం కాదు, అవి లేకపోతే ఈ ఊళ్లలో బతకలేం. తీగ కింద ఏ చెట్టు నాటాలో చూసుకోమని మాత్రం చెబుతున్నాను. చెట్ల తర్వాత పెద్ద శత్రువు ఫ్లెక్సీలు. సెంటర్లలో కట్టిన పెద్ద ఫ్లెక్సీ గాలికి తెరచాపలా ఉబ్బి, చిరిగి, తడిసిన ముక్క వెళ్లి 11 కేవీ తీగల మీద పడుతుంది. రెండు ఫేజులను కలిపేస్తుంది. రేకులు, మేడ మీద ఆరేసిన టార్పాలిన్లు, కేబుల్ టీవీ వైర్లు చేసేదీ ఇదే.

పిడుగు నేరుగా తీగ మీదే పడాల్సిన పని లేదు. దగ్గర్లో పడినా తీగలో ఒక్కసారిగా విపరీతమైన ఓల్టేజీ పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉండే లైట్నింగ్ అరెస్టర్ దాన్ని భూమిలోకి దించాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే అది దిగదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. పిడుగు చేసే ఇంకో నష్టం కంటికి కనిపించదు. పింగాణీ ఇన్సులేటర్‌లో వెంట్రుకంత పగులు వస్తుంది. పొడిగా ఉన్నంతసేపు అది బాగానే ఉన్నట్టు ఉంటుంది. తడి తగలగానే ఆ పగులు గుండా కరెంటు స్తంభంలోకి దిగి బ్రేకర్ పడిపోతుంది. ఎండ రాగానే మళ్లీ నిలబడుతుంది. పెద్ద ఉరుముల వాన తర్వాత మీ ఫీడరు చిన్న జల్లుకు కూడా పదే పదే పోతుంటే ఇదే అనుమానించాలి. సిబ్బంది దీన్ని పట్టుకోవడానికి స్తంభం తర్వాత స్తంభం చూసుకుంటూ మైళ్లు నడవాలి, లైనును ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కకూ కరెంటు ఇచ్చి చూడాలి. అందుకే ఆలస్యం.

సీజను మొదటి జల్లుకే కరెంటు పోవడానికి కారణం వేరు. ఎండాకాలమంతా ఇన్సులేటర్ల మీద దుమ్ము, పొగ మసి పేరుకుంటాయి. జోరు వాన పడితే అది కడుక్కుపోతుంది. తుంపర పడితే మాత్రం దుమ్ము బురదై కరెంటుకు దారి ఇస్తుంది.

తుపాను అంటే గాలి, వాన, సమయం మూడూ కలిసి రావడం. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. తీవ్ర తుపానుగా గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలితో వచ్చింది. తుపానులో గంటల తరబడి అదే గాలి, అదే వాన. ఒక చోట సరిచేస్తుంటే ఇంకో చోట తెగుతుంది. గాలి తగ్గే దాకా మనిషిని స్తంభం ఎక్కించకూడదు కూడా. పైగా తుపానులో దెబ్బ మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగదు. 33 కేవీ లైను మీద చెట్టు పడితే సబ్‌స్టేషన్ మొత్తానికే కరెంటు ఉండదు. మన వీధిలో ఒక్క ఆకు రాలకపోయినా చీకటే.

ఇక వరద. బెజవాడకు 2024 సెప్టెంబరు 1 కన్నా పెద్ద పాఠం లేదు. ఆగస్టు 31 నుంచి కుండపోత, బుడమేరుకు గండ్లు, సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ, నందమూరినగర్ నీళ్లలో మునిగాయి. మరోవైపు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద వచ్చింది. మునిగిన పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. పసిపిల్లలతో, ముసలివాళ్లతో పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు ఆ చీకటిలో ఎంత నరకం చూశారో ఈ ఊరు మరిచిపోలేదు. కానీ ఆ నీళ్లలో కరెంటు ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మీటర్లు, కింది స్విచ్ బోర్డులు, దిమ్మెల మీది ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యూజు పెట్టెలు నీళ్లలో ఉన్నాయి. అదే నీళ్లలో నడుము లోతున జనం నడుస్తున్నారు. వరదలో కరెంటు ఆపడం ప్రాణాలు కాపాడే పని. మునిగిన వీధికి కరెంటు ఇమ్మని ఒత్తిడి చేయకూడదు, ఎవరు చేసినా ఆపాలి.

3వ అడుగు: హెచ్చరికను కరెంటు భాషలో చదువుకోండి

వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుపాను, 89కి చేరితే తీవ్ర తుపాను, 118కి చేరితే అతి తీవ్ర తుపాను. మన మాటల్లో చెప్పాలంటే, వాయుగుండం అన్నప్పుడు కొమ్మలు విరిగి కొన్ని గంటల పాటు కరెంటు పోవచ్చు. తీవ్ర తుపాను మన తీరానికే వస్తోందంటే ఒకటి రెండు రోజులకు సిద్ధపడాలి. అత్యంత భారీ వర్షం అంటే, పల్లపు పేటల వాళ్లు గాలి లేకపోయినా అంతకన్నా ఎక్కువ రోజులకే సిద్ధం కావాలి. ఇది నా అంచనా, వాతావరణ శాఖ చెప్పినది కాదు.

మచిలీపట్నంలో వాన మబ్బులను పట్టి చూపే డాప్లర్ రాడార్ ఉంది. వాతావరణ శాఖ వెబ్‌సైటులో దాని చిత్రం ఎవరైనా చూడొచ్చు. సాయంత్రం పూట పడమటి నుంచి ఎర్రటి ముద్దలు మన వైపు కదులుతుంటే గంటలోపే ఈదురుగాలి వస్తుందన్నమాట. పిడుగుల కోసం దామిని యాప్ పనికొస్తుంది.

4వ అడుగు: గాలి రాకముందే చేయాల్సినవి

మేడ ఎక్కి చూడండి. రేకులు, ప్లాస్టిక్ కుర్చీలు, టార్పాలిన్లు, ఖాళీ డ్రమ్ములు, ఎగిరేది ఏదైనా కట్టేయండి లేదా లోపల పెట్టండి. మీ గల్లీలో ఫ్లెక్సీ ఉంటే, కట్టినవాళ్లతో తీయించండి. తీగలకు దగ్గరగా ఉన్న కొమ్మను మాత్రం మీరు కొట్టొద్దు, తెలిసిన కూలీతో కూడా కొట్టించొద్దు. లైను ఆపి, ఆపినట్టు సిబ్బంది లైన్ క్లియర్ (లైనులో కరెంటు లేదనే అధికారిక అనుమతి) తీసుకున్న తర్వాతే ఆ పని చేయాలి. పచ్చి కొమ్మలోంచి 11 కేవీ మనిషిలోకి దిగుతుంది.

ట్యాంకు నింపండి. అపార్టుమెంటులో కరెంటు లేకపోతే మొదట వచ్చే కష్టం చీకటి కాదు, నీళ్లు. లిఫ్టును పై అంతస్తుకు తీసుకెళ్లి ఆపేయండి. సెల్లారులో మీటర్ల ప్యానెల్ ఉంటే దాని గురించి ఈ రోజే సంఘంలో మాట్లాడండి. కొత్తగా కట్టే అపార్టుమెంట్లలో కూడా మీటర్లు, జనరేటరు, మోటారు స్టార్టరు సెల్లారు గోడకే బిగిస్తున్నారు. నీళ్లు ముందుగా చేరేది అక్కడికే. కృష్ణలంక, సింగ్‌నగర్ లాంటి చోట్ల ఉన్నవాళ్లు, గుంటూరులో మూడు వంతెనల దగ్గరిలాంటి పల్లపు వీధుల వాళ్లు ప్యానెల్‌ను పై అంతస్తుకు మార్పించుకోవాలి. దానికి దరఖాస్తు పెట్టాలి, ఖర్చవుతుంది, అయినా చేయాల్సిన పని.

జనరేటరు ఉంటే చేంజోవర్ స్విచ్ (వీధి కరెంటు, జనరేటరు రెండింటిలో ఒకసారికి ఒకదాన్నే ఇంటికి కలిపేది) ఉందో లేదో చూడండి. కొందరు చిన్న జనరేటరు వైరును తిన్నగా ఇంటి ప్లగ్గులో గుచ్చుతారు. ఆ కరెంటు మీటరు దాటి వీధి తీగలోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురు వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 11 కేవీగా మార్చి పైకి పంపుతుంది. లైను ఆపేశామని నమ్మి తీగ పట్టుకున్న మనిషి చనిపోతాడు. మీ కోసం వానలో తడుస్తూ వచ్చిన మనిషి. జనరేటరు అద్దెకు తెచ్చినా సరే, ఈ స్విచ్ లేకుండా వాడొద్దు.

మేడ మీద సోలారు ఉన్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. బ్యాటరీ లేని మామూలు రూఫ్‌టాప్ వ్యవస్థ, వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. చెడిపోయినట్టు కాదు. ఇప్పుడు చెప్పిన లైన్‌మ్యాన్ ప్రమాదం జరగకుండా అలా తయారుచేశారు.

మందుల సంగతి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఉంటే కొత్త మట్టి కుండ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. తడి ఇసుక మధ్య చిన్న ముంత పెట్టి అందులో ఉంచితే ఫ్రిజ్ అంత కాకపోయినా గది వేడి నుంచి కాపాడుతుంది. ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న పెద్దవాళ్లు ఉంటే, వాతావరణ శాఖ నుంచి ఎరుపు హెచ్చరిక (అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక) రాగానే సిలిండరు తెప్పించుకోండి లేదా ఆసుపత్రి దగ్గర్లోని బంధువుల ఇంటికి మార్చండి. మీ కాలనీలో అలాంటివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో సంఘం పెద్దలకు తెలిసి ఉండాలి. ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే నాలుగు గంటల దాకా లోపల చల్లగానే ఉంటుంది.

5వ అడుగు: పోయిన మొదటి పది నిమిషాల్లో ఎక్కడ ఆగిందో కనిపెట్టండి

కిటికీలోంచి బయటికి చూడండి. తర్వాత మేడ మీదికి వెళ్లగలిగితే, ఉరుములు లేకపోతేనే, నాలుగు దిక్కులా చూడండి.

పక్కింట్లో ఉండి మీకు లేకపోతే మీ మెయిన్‌లో ఎంసీబీ (లోడు ఎక్కువైతే తానే ఆగే స్విచ్) పడిందేమో చూసుకోండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) ఉంటే అదీ చూడండి. మళ్లీ ఎత్తితే మళ్లీ పడుతోందంటే ఇంట్లో ఎక్కడో తడి చేరింది. బలవంతంగా ఎత్తిపట్టొద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అన్నీ సరిగా ఉండి కరెంటు లేకపోతే, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు తెగి ఉండొచ్చు.

వీధిలో మూడిళ్లకు ఒక ఇంటికి చొప్పున పోయిందంటే ఒక ఫేజు పోయింది. చాలా సందర్భాల్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు కొట్టేసి ఉంటుంది. ఇది తొందరగా అయ్యే పని. ధన్‌మని పెద్ద చప్పుడు వచ్చి వీధంతా పోయి, పక్క వీధిలో ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ పైనుండే హెచ్‌జీ ఫ్యూజు (11 కేవీ వైపు ఫ్యూజు) పోయిందనుకోవచ్చు, లేదా ట్రాన్స్‌ఫార్మరే పోయింది. కింద నూనె కారిందేమో దూరం నుంచి చూడండి, ఫిర్యాదులో ఆ మాట చెప్పండి. పేట మొత్తం చీకటైతే 11 కేవీ ఫీడరు, కనుచూపు మేరంతా చీకటైతే 33 కేవీ లేదా ఆ పైన.

కరెంటు వచ్చి, రెండు సెకన్లలో పోయి, మళ్లీ వచ్చి పోతుంటే ఎవరో ఆటలాడుతున్నారని అనుకోవద్దు. కొమ్మ తగిలి తొలగిపోయిందా, ఇంకా అక్కడే ఉందా అని తెలుసుకోవడానికి లైనుకు మళ్లీ కరెంటు ఇచ్చి చూస్తారు, కొన్ని చోట్ల యంత్రమే ఆ పని చేస్తుంది. ఆ సమయంలో తెగిన తీగలో కూడా కరెంటు వచ్చి పోతుంటుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి. లైట్లు ఒక్కసారిగా మామూలు కన్నా ప్రకాశంగా వెలిగి, ఫ్యాను రయ్యిమని తిరిగి, పక్కింట్లో మాత్రం మసకబారితే న్యూట్రల్ తెగింది. అప్పుడు మీ ఇంటికి 230 బదులు 350, 400 ఓల్టుల దాకా రావచ్చు. ఏమీ ఆలోచించకుండా మెయిన్ దించేయండి. ఇరుగుపొరుగుకు కేక వేసి చెప్పండి. టీవీలు, ఫ్రిజ్‌లు వీధి వీధంతా కాలిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

6వ అడుగు: ఫిర్యాదు పనికొచ్చేలా చేయండి

"మా ఏరియాలో కరెంటు లేదు" అంటే అవతలి వ్యక్తికి ఏమీ తెలియదు. "సర్వీసు నంబరు ఫలానా, బ్రాడీపేటలో ఫలానా లైను, ట్రాన్స్‌ఫార్మర్ నంబరు ఫలానా, గుడి ఎదురు స్తంభం మీద వేపకొమ్మ పడి రెండు తీగలు కలిశాయి, ఒక తీగ రోడ్డు మీద ఉంది" అని చెబితే మనుషులు, నిచ్చెన, తీగ అన్నీ ఒకేసారి తెచ్చుకుంటారు. తెగిన తీగ ఉంటే మొదటి మాట అదే కావాలి. 1912 దొరక్కపోతే సెక్షన్ ఆఫీసుకు చేయండి. ప్రాణాపాయం ఉంటే 112, విపత్తు కంట్రోల్ రూముకు 1070.

వీధికి ఒకరు బాధ్యత తీసుకుని ఫోను చేయడం మంచిది. యాభై ఇళ్ల వాళ్లు లైన్‌మ్యాన్‌కే ఫోను చేస్తే అతను స్తంభం మీద ఉండి ఎవరికి జవాబు చెప్పాలి? ఫిర్యాదు నంబరు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. సెల్ టవర్ల బ్యాటరీలు కూడా కొన్ని గంటలే పనిచేస్తాయి కాబట్టి పని మొదట్లోనే పూర్తిచేసి ఫోను చార్జింగు దాచుకోండి. సిగ్నలు బలహీనంగా ఉన్నప్పుడు కాల్ కన్నా ఎస్‌ఎంఎస్ వెళ్లే అవకాశం ఎక్కువ.

7వ అడుగు: పడిన తీగకు దూరం

ఈ ఒక్క భాగం ఇంట్లో పిల్లలకు, పాలబ్బాయికి, వాచ్‌మన్‌కు చదివి వినిపించండి.

తీగ తెగి పడితే కరెంటు దానంతటదే ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. అన్నిసార్లూ ఆగదు. పొడి నేల మీదో, సిమెంటు రోడ్డు మీదో పడితే భూమిలోకి దిగే కరెంటు చాలా తక్కువగా ఉంటుంది. అది లోపమని బ్రేకర్ గుర్తించదు. తీగ నిశ్శబ్దంగా, నిప్పులేమీ లేకుండా పడి ఉంటుంది, కానీ 11 కేవీ బతికే ఉంటుంది. వీధిలో లైట్లు లేవు కాబట్టి తీగలో కరెంటు లేదనుకోవద్దు.

కనీసం పది మీటర్ల దూరం ఉండండి. తడి నేల అయితే ఇంకా ఎక్కువ. తీగను తాకకపోయినా ప్రమాదమే. తీగ నుంచి కరెంటు నేలలో చుట్టూ పాకుతుంది, దగ్గర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. మీ రెండు కాళ్ల మధ్య దూరంలో ఆ తేడా ఉంటే కరెంటు ఒక కాల్లోంచి ఎక్కి ఇంకో కాల్లోంచి దిగుతుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరం ఎక్కువ కాబట్టి గేదెలు, ఆవులు ఇలా ముందుగా బలవుతాయి. మీరు అప్పటికే దగ్గరికి వచ్చేసి ఉంటే పరుగెత్తొద్దు. పాదాలు రెండూ ఒకదానికొకటి ఆనించి, నేల మీద నుంచి ఎత్తకుండా, చిన్నగా జరుపుకుంటూ వెనక్కి రండి. కారు మీద తీగ పడితే లోపలే కూర్చోండి, దిగొద్దు, వచ్చేవాళ్లను దూరంగా ఉండమని అరవండి.

ఎవరికైనా షాకు కొడుతుంటే వాళ్లను పట్టుకోవద్దు. ఇంట్లో అయితే ముందు మెయిన్ దించాలి. వీధి తీగ అయితే కర్రతో తొయ్యాలని చూడొద్దు. తడి కర్ర కరెంటుకు దారి, 11 కేవీకి పొడి కర్ర కూడా భరోసా కాదు. 1912కు, 108కు చెప్పి, లైను ఆపారని నిర్ధారణ అయ్యాకే దగ్గరికి వెళ్లాలి. ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఒత్తుతూ ఉండాలి, అంబులెన్సు వచ్చే దాకా ఆపకుండా.

8వ అడుగు: ఇంట్లోకి నీళ్లొస్తే

నీళ్లు గుమ్మం దాటకముందే మెయిన్ దించండి. మెయిన్ దగ్గరికి వెళ్లాలంటే నీళ్లలో నిలబడాల్సి వస్తే వెళ్లొద్దు, బయటి నుంచి సరఫరా ఆపించండి. ఇన్వర్టరును కూడా ఆపేయండి. వీధిలో కరెంటు లేదు కదా అని నీళ్లలోకి దిగినవాళ్లకు ఇంట్లో ఇన్వర్టరు నుంచి షాకు తగలొచ్చు.

నీళ్లు తీసిన రోజే స్విచ్ వేయాలని అందరికీ ఆత్రంగా ఉంటుంది. ఆగండి. స్విచ్ బోర్డు బయటికి ఆరినట్టు కనిపించినా గోడలోని పైపుల్లో నీళ్లు ఉంటాయి, సాకెట్ల లోపల బురద ఉంటుంది. బోర్డులు విప్పించి, శుభ్రం చేయించి, ఆరబెట్టించి, ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టించి వైరింగ్ చూపించాకే కరెంటు తీసుకోండి. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు కడిగి వాడొద్దు, కొత్తవి వేయించండి. అవి పనిచేయాల్సిన క్షణంలో పనిచేయకపోతే ఉన్నా లేనట్టే. ఆర్‌సీసీబీ అసలు లేని ఇల్లైతే ఇప్పుడే 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించండి. ఫ్రిజ్, మోటారు, వాషింగ్ మెషీన్ మెకానిక్ చూసే దాకా ప్లగ్గు పెట్టొద్దు. కింది అంతస్తు మునిగి పైది బాగుంటే, కింది సర్క్యూట్లను విడదీసి పైకి మాత్రం ఇచ్చే ఏర్పాటు చేయించుకోవచ్చు.

9వ అడుగు: ఎదురు వీధికి ముందెందుకు వచ్చింది, వచ్చాక ఏం చేయాలి

పునరుద్ధరణ పై నుంచి కిందికి జరుగుతుంది. మొదట టవర్ లైన్లు, తర్వాత 33 కేవీ, సబ్‌స్టేషన్లు, వాటి నుంచి ఆసుపత్రులు, తాగునీటి పంపులు ఉన్న ఫీడర్లు, తర్వాత మిగిలిన ఫీడర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, చివరికి ఒక్కో ఇంటి సర్వీసు వైరు. ఎదురు వీధి వేరే ఫీడరు మీద ఉండొచ్చు, ఆసుపత్రి ఉన్న ఫీడరు కావచ్చు. మీ సర్వీసు వైరు ఒక్కటే తెగి ఉంటే మీ వంతు ఆఖర్న వస్తుంది. ఇది పక్షపాతం కాదు. ఒక ఫీడరు బాగుచేస్తే వేల ఇళ్లు వెలుగుతాయి.

కరెంటు వచ్చిన క్షణంలో అన్ని ఇళ్లలో ఏసీలు, మోటార్లు, గీజర్లు ఒకేసారి ఆన్ అయితే ఆ భారానికి ఫీడరు మళ్లీ పడిపోతుంది. కాబట్టి పోయినప్పుడే పెద్దవన్నీ ఆపేసి, ఒక బల్బు స్విచ్ మాత్రం వేసి ఉంచండి. బల్బు వెలిగాక పదిహేను నిమిషాలు ఆగండి. వెలుతురు నిలకడగా ఉంటే ముందు ఫ్రిజ్, తర్వాత మోటారు, చివర ఏసీ.

10వ అడుగు: వారం లోపు సెక్షన్ ఆఫీసుకు అర్జీ

గాలివాన తర్వాతి వారమే మీ లైను బలహీనతలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. నెల తర్వాత ఎవరికీ గుర్తుండవు. కాలనీలో ఇద్దరు ముగ్గురు కలిసి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి స్తంభం దాకా నడవండి. ఏమీ తాకకుండా ఫోటోలు తీయండి. తీగ మీదికి వంగిన కొమ్మలు, ఒరిగిన స్తంభం, వేలాడుతున్న తీగలు, తుప్పు పట్టి మూత లేని ఫ్యూజు పెట్టె, నీళ్లు తాకిన ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె.

ఏం అడగాలో స్పష్టంగా ఉండాలి. కొమ్మల నరికివేత ఒకసారి ఎండాకాలం ఈదురుగాలులకు ముందు, మళ్లీ అక్టోబరు తుపానులకు ముందు చేయమని అడగండి. తీగలు కొట్టుకునే చోట స్పేసర్లు (తీగలను ఎడంగా ఉంచేవి) గానీ, ఇరుకు గల్లీలో తొడుగున్న బంచ్ కేబుల్ గానీ వేయమనండి. మునిగిన చోట ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెను 2024 వరద నీటిమట్టం కన్నా ఎత్తుకు లేపమనండి. ఆ మట్టం మరక మీ గోడ మీద ఇంకా ఉంటే దాని ఫోటో జతచేయండి, అంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు. ఒకే ఫీడరు మీద ఆధారపడ్డ కాలనీ అయితే రెండో వైపు నుంచి కూడా కరెంటు ఇచ్చే ఏర్పాటు వీలవుతుందా అని అడగండి.

భూగర్భ కేబుల్ అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు సాయంతో అది వేశారు. గాలికి అది మంచి జవాబే. కానీ బుడమేరు పక్కన నీళ్లు నిలిచే నేలలో దాని జాయింట్లలోకి తడి చేరితే లోపం ఎక్కడుందో వెతకడానికే చాలా సమయం పడుతుంది. నేల పైన ఉండే కేబుల్ పెట్టెల ఎత్తు కూడా పెంచకపోతే వరదలో లాభం లేదు. అడిగేటప్పుడు కేబులూ, పెట్టెల ఎత్తూ రెండూ కలిపి అడగండి.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. అందులో స్తంభం నంబర్లు, ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, ఫోటోలు, సంతకాలు ఉండాలి. నెల రోజుల్లో కదలిక లేకపోతే అదే ప్రతిని జతచేసి డివిజన్ ఆఫీసులో డివిజనల్ ఇంజినీరు (డీఈ)కి ఇవ్వండి.